ముందు ఆమె పుట్టిల్లు వెతుకు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

మీ ముత్తాతగారి నాయనమ్మ గురించి రాద్దామని ఇంటిపేరు పట్టుకుని వెతికావు, ఆమె ఎక్కడా దొరకలేదన్నావు. అది అత్తింటి పేరు. ఆమె బాల్యం, తోబుట్టువులు, పుట్టిన ఊరు ఆ పేరు కింద ఉండవు. ముందు పుట్టిల్లు తేల్చు.

మీ ఇంట్లో తర్పణాలు విడిచే ఆచారం ఉంటే, పాత నోటు పుస్తకాల్లో మహాలయ పక్షపు జాబితా ఉందేమో చూడు. తండ్రి వైపు మూడు తరాలతో పాటు మాతామహుడు (తల్లి తండ్రి), ఆయన తండ్రి, తాత కూడా గోత్రంతో సహా అందులో ఉంటారు. ఆమె కొడుకు రాసుకున్న జాబితా దొరికితే ఆ మాతామహుడే ఆమె తండ్రి. మనవడి జాబితాలో ఆమె పితామహిగా, అంటే నాయనమ్మగా కనిపిస్తుంది, కానీ పక్కనున్న గోత్రం అత్తింటిది. దాన్ని పుట్టింటి గోత్రమనుకుని తప్పుదారి పట్టేవాళ్లు చాలామంది. ఈ ఆచారం లేని ఇళ్లలో మేనరికాలు అడుగు. ఆమె కోడలు ఏ ఇంటి నుంచి వచ్చిందో తెలిస్తే, అది ఆమె పుట్టిల్లే అయ్యుండొచ్చు.

పెద్దవాళ్లు "ధాత కరువులో పుట్టింది" అంటే ధాత నామ సంవత్సరం, 1876-77 అని రాసుకో. అయితే అరవై ఏళ్లకు మళ్లీ ధాత వచ్చింది, 1936-37లో. నాయనమ్మ పేరే మనవరాలికి పెట్టే ఇళ్లలో ఇద్దరి సంగతులు కలిసిపోతాయి.

1871 జనాభా లెక్కల మీద ఆశ పెట్టుకోకు. వాటిలో ఇప్పుడు మిగిలినవి అంకెల పట్టికలే, మనుషుల పేర్లు కావు.

నీ ఓపికంతా దస్తావేజుల మీద పెట్టు. ఆ కాలపు ఆడమనిషి పేరు కాగితమెక్కేది ఎక్కువగా భర్త పోయాకే. వేరుపడ్డ కుటుంబంలో కొడుకులు లేని వితంతువుకు అప్పట్లో భర్త ఆస్తి మీద ఉండేది బతికున్నన్నాళ్ల హక్కే. అమ్మాలంటే తగిన అవసరం ఉండాల్సి వచ్చేది. రేపు దాయాదులు దావా వేస్తే తన కొనుగోలు నిలబడాలని కొన్నవాడు ఆ అవసరాన్ని పత్రంలోనే వివరంగా రాయించుకునేవాడు: భర్త చేసిన అప్పు, కూతురి పెళ్లి, కర్మకాండ ఖర్చు. ఆ నాలుగు వాక్యాల్లో ఆమె బతుకు ఎంత ఉంటుందో చూడు!

రిజిస్ట్రారు ఆఫీసులో స్థిరాస్తి పత్రాలు మొదటి పుస్తకంలో, వీలునామాలు, దత్తత అధికార పత్రాలు మూడో పుస్తకంలో ఉంటాయి. మొదటిదానికి పేర్ల సూచిక ఒకటి, ఆస్తి సూచిక ఒకటి. పేరుతో దొరక్కపోతే ఊరు పట్టుకుని రెండోది చూడు. సుబ్బమ్మ, సుబ్బాయమ్మ, సుబ్బులు ఒకే మనిషి కావచ్చు; భర్త పేరు, ఊరు, పొలం హద్దులు కలిస్తేనే ఒకరని రాయి. ఇంటికి ఇనాం భూమి (మాన్యం) ఉంటే 1860ల ఇనాం రిజిస్టర్లలో అనుభవదారు పేరు, వయసు, వారసత్వం దొరుకుతాయి. వయసులు నలభై, యాభై అని గుండ్రంగా ఉంటే ఉజ్జాయింపు అనుకో.

దావా పడిందేమో కూడా చూడు. వితంతువు పోయిన నాటి నుంచి, దావా వేయడానికి భర్త వారసులకు పన్నెండేళ్ల గడువు ఉండేది, కాబట్టి ఆమె మరణంతో వెతుకులాట ఆపకు. ప్లెయింటుతో (దావా అర్జీతో) వంశవృక్షం ఉంటే భద్రంగా నకలు తీసుకో, కానీ పూర్తిగా నమ్మకు. అది వారసత్వం రుజువు చేయడానికి గీసింది. కూతుళ్లు, పసితనంలో పోయిన బిడ్డలు అందులో ఉండకపోవచ్చు.

రాసేటప్పుడు కాగితం చెప్పింది, పెద్దలు చెప్పింది, నువ్వు ఊహించింది వేరువేరుగా కనిపించాలి. నీ మొదటి పేజీలోనే ఆమెను ఏడిపించావు. ఆమె ఏడ్చిందని నీకెవరు చెప్పారు? నిశానీ (సంతకానికి బదులు గుర్తు) పెట్టి రెండెకరాలు అమ్మి కూతురి పెళ్లి చేసిందని పత్రం చెబితే, అదే రాయి. ఆ వాక్యానికి కన్నీళ్లు అక్కర్లేదు.

పత్రం దొరికిన రోజున కింది నుంచి చదువు. సాక్షుల్లో వేరే ఇంటిపేరుతో, వేరే ఊరి నుంచి వచ్చినవాడు ఉన్నాడా? అలాంటి వేళ తోడు వచ్చిన అన్నో తమ్ముడో అయ్యుండొచ్చు. ఆ ఊరికి వెళ్లి అడుగు.