అత్తమామలను కూర్చోబెట్టకమ్మా

అమ్మలూ,

మీ అత్తమామలు ఆరు నెలలు ఉండిపోదామని ఇండియా నుంచి ఇక్కడికి, న్యూజెర్సీలోని ఎడిసన్‌కి వచ్చారని, ఊళ్ళో చలాకీగా తిరిగిన మనుషులు ఇక్కడ సోఫాకి అతుక్కుపోయారని రాశావు. మామయ్యగారి షుగర్ గురించి నువ్వు పడే టెన్షన్ సబబే. మన దక్షిణాసియా వాళ్ళకి షుగరు, గుండెజబ్బు తక్కువ బరువులోనే మొదలవుతాయి. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లోనే, ఆసియా వాళ్ళు బీఎంఐ, అంటే ఎత్తును బట్టి చూసే బరువు లెక్క, 23 నుంచే జాగ్రత్త పడాలన్నారు. మామయ్యగారు సన్నగానే ఉన్నారుగా అని ఊరుకోవద్దు.

ఒక మాట చెప్తాను, నొచ్చుకోకు. వాళ్ళు కదలకపోవడానికి సగం కారణం మన మర్యాదే. "మీరు కూర్చోండి అత్తయ్యా, నేను చూసుకుంటా" అంటూ మంచినీళ్ళు కూడా చేతికందిస్తాం. అక్కడ ఆవిడ తెల్లారకుండానే వాకిలి చిమ్మి, ముగ్గేసి, కూరల కోసం బజారుదాకా నడిచే మనిషి. ఇక్కడ గిన్నెలు మెషీను కడుగుతుంది, గుడికి కారులో వెళ్తాం. అందుకని ఆవిడ పనులు ఆవిడకి తిరిగి ఇచ్చెయ్. చపాతీ పిండి కలపనివ్వు. పిల్లాణ్ణి స్కూల్ బస్సు ఎక్కించే బాధ్యత మామయ్యగారికి అప్పజెప్పు. మే నెల మధ్యలో, చలి పూర్తిగా తగ్గాక, పెరట్లో గోంగూర, బీరపాదు పెట్టించు. వాటిని చూసుకోవడానికి ఎవరూ చెప్పకుండానే బయటికెళ్తారు.

"వాకింగ్‌కి వెళ్ళండి" అంటే మాత్రం వెళ్ళరు. దారి తప్పుతామేమో, ఎవరైనా ఇంగ్లీషులో పలకరిస్తే ఏం చెప్పాలో అని భయం. పైగా చీర మీద బూట్లంటే అత్తయ్యగారికి సిగ్గు. హవాయి చెప్పులతో మాత్రం నడవనివ్వకు. సాయంత్రానికి పాదాలు కాస్త ఉబ్బుతాయి కాబట్టి, ఆ వేళప్పుడే షాపుకి తీసుకెళ్ళి, వేళ్ళ దగ్గర వెడల్పుగా ఉన్న జత కొను. మొదట్లో నువ్వూ వెంట నడువు. ఇంటి అడ్రసు, నీ ఫోన్ నంబరు చీటీ మీద రాసివ్వు.

భోజనం కాగానే పది పదిహేను నిమిషాలు నడిస్తే చాలా మేలు. కాళ్ళ కండరాలు పనిచేస్తుంటే రక్తంలోని చక్కెరను అవే వాడేసుకుంటాయి. వారం మొత్తానికి 150 నిమిషాలు అయితే బాగుంటుంది. మాట్లాడగలగాలి, పాట పాడటానికి మాత్రం ఊపిరి చాలకూడదు, అదీ వేగం. మామయ్యగారు ఇన్సులిన్ గానీ షుగర్ మాత్రలు గానీ వాడుతుంటే, షుగర్ మరీ పడిపోతే వేసుకోవడానికి గ్లూకోజ్ బిళ్ళలు జేబులో ఉంచు. ఛాతీలో పట్టేసినట్టున్నా, ఎప్పుడూ లేని ఆయాసం వచ్చినా అక్కడే ఆగి డాక్టర్ సాయం తీసుకోవాలి.

అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులన్నావు. నొప్పి అని బొత్తిగా కదలకపోతే తొడ కండరాలు చిక్కిపోయి మోకాలి మీద భారం ఇంకా పెరుగుతుంది. డైనింగ్ కుర్చీని గోడకి ఆనించి పెట్టు. ఆవిడ కుర్చీ అంచుకి జరిగి, పాదాలు కాస్త వెనక్కి తీసుకుని, ముక్కు కాలివేళ్ళ మీదకి వచ్చేదాకా ముందుకు వంగి లేవాలి. మొదట చేతులు ఆనించినా ఫరవాలేదు. కూర్చునేటప్పుడు ధబ్బున కూలబడకుండా మెల్లగా దిగాలి, బలం ఎక్కువగా అక్కడే వస్తుంది. ఐదుసార్లతో మొదలుపెట్టి పదికి తీసుకెళ్ళు. కాఫీ కాగేలోపు స్టవ్‌కి దూరంగా, కిచెన్ కౌంటర్ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం కూడా నేర్పు. ఈ వయసులో పడితే తుంటి ఎముక విరగొచ్చు, ఆ తర్వాత మనిషి కోలుకోవడం చాలా కష్టం.

మంచు పడ్డాక రోడ్డు మీదికి పంపకు. మెన్లో పార్క్ మాల్లో వెచ్చగా నడవొచ్చు. బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళినప్పుడు మూడు ప్రదక్షిణలతో ఆపకుండా పదకొండు చేయించు. దేవుడి పేరు చెబితే అత్తయ్యగారు కాదనరు.

ఆదివారం పొద్దున రూజ్‌వెల్ట్ పార్కులో చెరువు దగ్గర మన పెద్దవాళ్ళందరం కలుస్తాం. మామయ్యగారికి నడక ఊసెత్తకు. తెలుగువాళ్ళు కూడి కబుర్లు చెప్పుకుంటారని చెప్పి తీసుకురా. అత్తయ్యగారి పక్కన నేను నడుస్తాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ