బిల్లు వివరాలు అడిగితే ఇవ్వాల్సిందే

ప్రశ్న: కరీంనగర్‌లోని ఒక ప్రైవేటు ఆస్పత్రిలో మా నాన్నగారికి స్టెంట్ వేశారు. బిల్లు 3,40,000 రూపాయలు. అందులో ‘మందులు, కన్సూమబుల్స్ (వాడి పారేసే సామగ్రి) 1,18,000’ అని ఒక్క లైనే ఉంది. వివరాలు అడిగితే ‘ప్యాకేజీ అంతేనండీ’ అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ప్యాకేజీ అన్నప్పుడు అందులో ఏమేం కలిశాయో రాసిన కాగితం చూపించాలి. మందులు విడిగా వేశారంటే లెక్క విడిగా ఇవ్వాలి. ‘రెండూ ఇవ్వం’ అంటే కుదరదు. ఐటమ్‌వారీ బిల్లు పొందడం జాతీయ మానవ హక్కుల సంఘం రూపొందించిన రోగుల హక్కుల పత్రంలోనే ఉంది. తెలంగాణలో అమలవుతున్న 2010 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం ప్రకారం చికిత్సల రేట్లు తెలుగులోనూ ఇంగ్లిషులోనూ బోర్డు పెట్టాలి. ఆ బోర్డును ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

నోటిమాటగా అడగొద్దు. బిల్లింగ్ విభాగానికి ఉత్తరం రాసి, మీ కాపీ మీద తేదీ, ముద్ర వేయించుకోండి. తేదీలవారీ మందుల జాబితా, ఒక్కోదాని బ్యాచ్ నంబరు, ఎమ్మార్పీ, వెనక్కిచ్చిన మందుల లెక్క అడగండి. కేస్‌షీట్ (చికిత్స వివరాల రికార్డు) నకలు కూడా కోరండి, అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి.

అవి చేతికొచ్చాక మందుల జాబితాను నర్సులు నింపే డ్రగ్ చార్ట్ పక్కన పెట్టి చూడండి. రోజుకు మూడు డోసుల చొప్పున నాలుగు రోజులు చేసిన ఇంజెక్షన్‌కు 12 వయల్స్ (చిన్న మందు సీసాలు) చాలు. బిల్లులో 20 ఉంటే మిగతా 8 ఏమైనట్టు? వార్డు నుంచి మందులు ఫార్మసీకి తిరిగి వెళ్లకముందే బిల్లు మూసేస్తే ఆ డబ్బు తగ్గదు. ఎక్కువ తేడాలు ఇక్కడే దొరుకుతాయి.

ఇక స్టెంట్. దాని ధర, బ్రాండ్, కంపెనీ, బ్యాచ్ నంబరు బిల్లులో విడిగా చూపాలని 2017 ఫిబ్రవరిలో మందుల ధరలను నియంత్రించే కేంద్ర సంస్థ ఎన్‌పీపీఏ ఆదేశించింది. మందు పూత స్టెంట్‌కు అప్పుడు 29,600 రూపాయలు గరిష్ఠ ధరగా పెట్టింది. తర్వాత అది మారుతూ వచ్చింది, ఇప్పటి ధర ఎన్‌పీపీఏ వెబ్‌సైట్‌లో చూడండి. గ్లౌజులు, సిరంజిల్లాంటి వాటి సంగతి వేరు. ‘ఎమ్మార్పీకే ఇచ్చాం’ అంటారు, నిజమే కావచ్చు. కానీ ఆ ఎమ్మార్పీయే కొన్న ధరకు ఎన్నో రెట్లు ఉంటుంది. దాని మీద చట్టపరంగా పోరాడటం కష్టం, అందుకే ముందు సంఖ్యల మీద పట్టుబట్టండి.

డిశ్చార్జి ఆగిపోయేలా ఉంటే డబ్బు కట్టి, బిల్లు కాపీ మీద ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని రాయండి. తర్వాత జిల్లా వైద్యాధికారికి ఫిర్యాదు చేయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేయొచ్చు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి రెండేళ్ల గడువుంది. చెల్లించింది 5 లక్షల లోపే కాబట్టి కేసుకు ఫీజు లేదు.

ప్రశ్న: మా ఆరోగ్య బీమా పాలసీలో రూమ్ అద్దె పరిమితి రోజుకు 5,000. మేం 8,000 గది తీసుకున్నాం. బీమా కంపెనీ బిల్లు మొత్తంలో కోత పెట్టింది. న్యాయమేనా?

జవాబు: కొంతవరకే. డాక్టర్ ఫీజు, ఆపరేషన్ థియేటర్ లాంటివి 1,60,000 అయితే ఎనిమిదింట ఐదు వంతుల లెక్కన లక్షే ఇవ్వొచ్చు. కానీ మందులు, కన్సూమబుల్స్, ఇంప్లాంట్లు, పరీక్షలు, ఐసీయూ ఛార్జీల మీద ఈ కోత పెట్టకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన. వాటిమీద కోసినది తిరిగివ్వమని ముందు బీమా కంపెనీకే రాయండి. నెలలో తేల్చకపోతే బీమా ఫిర్యాదులు పరిష్కరించే అధికారి, బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించండి.

ప్రశ్న: బాకీ ఉందని మృతదేహాన్ని ఇవ్వకుండా ఆపొచ్చా?

జవాబు: ఆపకూడదు. హక్కుల పత్రంలో ఇది స్పష్టంగా ఉంది. బాకీ వసూలుకు ఆస్పత్రికి కోర్టు దారి ఉంది. ఒప్పుకోకపోతే అక్కడి నుంచే 100కు గానీ 112కు గానీ ఫోన్ చేయండి.