నాన్నగారి ఫియట్‌కి బీమా ఎంతకు రాయించాలి?

ప్రశ్న: మాది చిత్తూరు గ్రీమ్స్‌పేట. నాన్నగారి 1968 ఫియట్ 1100 కారును నాలుగున్నర లక్షలు పెట్టి బాగు చేయించాను. నెలకోసారి అమ్మను అందులోనే కాణిపాకం తీసుకెళ్తాను. పోయిన నెల రేకుల షెడ్డులో ఉన్న బండికి రాత్రికి రాత్రే ముందు గ్రిల్లు, నాలుగు వీల్ క్యాపులు ఊడదీసుకుపోయారు. ఉన్నది థర్డ్ పార్టీ బీమానే. ఒక పాత సామాన్ల వ్యాపారి అలాంటి గ్రిల్లే సగం ధరకు ఇస్తానంటున్నాడు, బిల్లు ఉండదట. తీసుకోమంటారా? ఇకపై బండి భద్రతకు ఎంత ఖర్చు పెట్టాలి?

జవాబు: ఆ గ్రిల్లు మాత్రం కొనకండి. అది మీదే కావచ్చు, మీలాగే తండ్రి బండిని దాచుకున్న మరొకరిదీ కావచ్చు. దొంగ సొత్తని అనుమానించే కారణం ఉండి కూడా కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలుశిక్ష పడొచ్చు. పోలీసు ఫిర్యాదు ఇచ్చారో లేదో మీరు రాయలేదు. ఇవ్వకపోతే ఇవాళే ఇవ్వండి, ఈ బేరం సంగతీ చెప్పండి. ఈ బండ్ల తయారీ ఆగి రెండు దశాబ్దాలు దాటింది, కొత్త సామాను రాదు. బండికైతే చాసిస్ నంబరు ఉంటుంది, గ్రిల్లుకి ఏ నంబరూ ఉండదు కాబట్టి అది ఎవరిదో తేల్చలేం. చెన్నై పుదుపేటలో, బెంగళూరు శివాజీనగర్‌లో బిల్లు రాసిచ్చే అంగళ్లూ ఉన్నాయి. నాలుగు రోజులు ఆలస్యమైనా అలాంటి చోటే కొనండి.

థర్డ్ పార్టీ బీమా దొంగతనానికి పైసా కూడా ఇవ్వదు. సొంత బండి నష్టానికీ, దొంగతనానికీ వర్తించే సమగ్ర పాలసీకి మారండి. బండి మొత్తం పోతే కంపెనీ ఇచ్చే మొత్తాన్ని బీమా విలువ (ఐడీవీ) అంటారు. ఐదేళ్లు దాటిన బండికి దాన్ని లెక్కగట్టే పట్టిక ఉండదు, కంపెనీ, మీరు కలిసి ఒప్పుకున్నదే విలువ. ఏజెంటు యాభై వేలని వేస్తే సంతకం పెట్టకండి. లైసెన్సున్న సర్వేయరుతో విలువ కట్టించి, మరమ్మతు బిల్లులు, ఫొటోలు జతచేసి, ఆ అంకె పాలసీ షెడ్యూలులో పడేదాకా వదలకండి.

అయినా విడిభాగాలు పోతే బీమా పెద్దగా ఆదుకోదు. పదేళ్లు దాటిన బండి లోహ భాగాల మీద తరుగుదల 50 శాతం. గ్రిల్లు పన్నెండు వేలనుకుంటే వచ్చేది ఆరు వేలు. అందులో తప్పనిసరి మినహాయింపు (ప్రతి క్లెయిములో మీరే భరించాల్సిన మొత్తం) పోతుంది, క్లెయిము లేని ఏడాదికి ఇచ్చే బోనస్సూ పోతుంది. బండి మొత్తం పోయిన రోజుకే బీమా అనుకోండి. సామానును కాపాడేది తలుపే. అందుకే నా లెక్కలో మొదటి ఖర్చు షెడ్డుకి గట్టి షట్టరు. ఆ తర్వాత బ్యాటరీ కట్ ఆఫ్ స్విచ్చి, జీపీఎస్. అద్దాల మీద, లైట్ల లోపలివైపు చాసిస్ నంబరు చెక్కించండి, దానికి పెద్దగా ఖర్చవదు. అన్నీ కలిపి నలభై, యాభై వేలు దాటనివ్వకండి. వాహన పరిశోధన సంస్థ ఏఆర్ఏఐ ఆమోదించిన దొంగతన నిరోధక పరికరానికి ప్రీమియంలో తగ్గేది ఐదొందలకు మించదు, ఆ తగ్గింపు కోసం పరికరం కొనకండి.

యాభై ఏళ్లు దాటింది కాబట్టి 'వీఏ' సిరీస్ వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించుకోమని ఎవరైనా చెప్పొచ్చు. 2021 నుంచి ఆ వీలుంది, కొత్తగా చేయించుకుంటే రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. కానీ ఆ బండిని ర్యాలీకో, ప్రదర్శనకో, పెట్రోలుకో, మరమ్మతుకో తప్ప రోడ్డెక్కించకూడదు. అమ్మతో కాణిపాకం ప్రయాణం ఆగిపోతుంది. నేనైతే ఆ ప్రయాణాన్నే ఉంచుకుంటాను.

ఇంకొకటి. దొంగతనం క్లెయిములో కంపెనీ రెండు తాళంచెవులూ అడుగుతుంది. మీ బండికి రెండోది ఎప్పుడో పోయి ఉంటే పాలసీ తీసుకునే ముందే తాళాలు మార్పించి, ఆ బిల్లు దాచండి.