బాలానగర్ కథ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ కథ చదివా. అందరూ గచ్చిబౌలి అద్దాల బిల్డింగుల చుట్టూ తిరుగుతుంటే నువ్వు హైదరాబాద్‌లో పాత ఫ్యాక్టరీల ఏరియా బాలానగర్ మీద రాయడం నచ్చింది. కానీ "ఒకప్పుడు ఇక్కడ కార్మికులుండేవాళ్లు, ఇప్పుడు డబ్బున్నోళ్లొచ్చారు" అని ఒక్క ముక్కలో తేల్చేశావు చూడు, అక్కడ మాత్రం చిరాకేసింది.

ఒక ఏరియాలో సగటు ఆదాయం పెరిగిందంటే ఉన్నోళ్ల జీతాలే పెరిగుండొచ్చు, లేదా తక్కువ జీతమోళ్లు ఖాళీ చేసి ఎక్కువ జీతమోళ్లు దిగుండొచ్చు, లెక్కలో రెండూ ఒకేలా కనబడతాయి, కథకి మాత్రం రెండూ వేరు. అయినా మన జనాభా లెక్కల్లో నీ ఇంటి ఆదాయం ఎంతని అడగనే అడగరు కదా. 2011లో అడిగింది ఇంటి కప్పు దేనిది, టీవీ ఉందా, స్కూటర్ ఉందా, కంప్యూటర్ ఉందా అని. 2021లో జరగాల్సినవేమో వాయిదా పడ్డాయి. కాబట్టి నువ్వే పోయి చూడాలి, వేరే దారి లేదు.

సనత్‌నగర్‌లో ఆల్విన్ 1942లో మొదలైంది, బస్ బాడీలు, ఫ్రిజ్‌లు, వాచీలు చేశారు. ఇటు బాలానగర్‌లో మందులు చేసే ఐడీపీఎల్, విమానాల పరికరాలు చేసే హెచ్ఏఎల్, రెండూ ప్రభుత్వ కంపెనీలే. పర్మనెంట్ అంటే పీఎఫ్, ఈఎస్ఐ, క్యాంటీన్, పిల్లకి సంబంధం చూసేటప్పుడు కూడా ఆ మాటే ముందు అడిగేవాళ్లు. ఐడీపీఎల్ 90ల్లో ఖాయిలా పడింది, అందరూ రోడ్డున పడ్డారని రాశావు. అందరూ కాదురా. మందుల తయారీ అక్కడ నేర్చుకున్నోళ్లు కొందరు బయటికొచ్చి సొంతంగా పెట్టుకున్నారు, అంజిరెడ్డి గారు కూడా అక్కడ పనిచేసినాయనే, 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. అదే గేట్లోంచి పోయిన హెల్పర్ పరిస్థితి వేరు. ఒకే ఫ్యాక్టరీ ఇద్దర్నీ ఎంతెంత దూరం పంపించిందో చూడు, నీ కథ అక్కడుంది.

ఇప్పుడు ఏదైనా గల్లీలో ఒక్క బిల్డింగ్ తీసుకో. కింద రిటైరైన ఓనర్, వీఆర్ఎస్ కింద, అంటే ముందే ఉద్యోగం వదిలినందుకు వచ్చిన డబ్బులతో పైన ఫ్లోర్లు వేశాడు. ఈపీఎస్, అంటే పీఎఫ్‌తో పాటు వచ్చే పెన్షన్, కనీసం 1,000 రూపాయలు అని 2014లో పెట్టారు, దాంతో కరెంటు బిల్లు కట్టడమే కష్టం, ఆయన్ని బతికించేది అద్దెలే. పై పోర్షన్‌లో సాఫ్ట్‌వేర్ జంట, 2017లో మియాపూర్ మెట్రో, 2019లో అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీ లైన్ వచ్చాక ఆఫీసు అక్కడున్నా ఇల్లు ఇక్కడ తీసుకోవచ్చు కదా. వెనక రేకుల రూములో బీహార్, ఒడిశా కుర్రాళ్లు, సీఎన్సీ షాపుల్లో, అంటే కంప్యూటర్‌తో నడిచే మెషిన్ల వర్క్‌షాపుల్లో షిఫ్టుల్లో చేస్తారు, డే షిఫ్టోడు లేచిన చాప మీద నైటోడు పడుకుంటాడు, జీతం వచ్చిన రోజే ఫోన్లో ఊరికి డబ్బులు కొట్టేస్తారు. అంటే సంపాదన ఇక్కడ, ఖర్చు గయలోనో గంజాంలోనో. మరి కార్మికులు పోయారని ఎలా రాశావ్? పోలేదు, మనుషులు మారారు, ఈ కొత్తోళ్ల పేరు ఏ రిజిస్టర్లోనూ సరిగ్గా ఉండదు, లేబర్ కాంట్రాక్టర్ నోట్‌బుక్‌లో తప్ప. పాత కార్మికుడే వాళ్ల దగ్గర అద్దె వసూలు చేస్తున్నాడు, ఆ ఇబ్బంది మీద రాయొచ్చు కదా. (విలన్ని చెయ్యకు మళ్లీ, ఆయనకీ వేరే ఆధారం లేదు.)

ఫ్యాక్టరీ సైరన్ మీద రాసిన పేజీ మొత్తం తీసెయ్, ప్రతి ఇండస్ట్రియల్ ఏరియా కథలో అది ఉంటుంది. నీళ్ల మోటార్ దగ్గర ఓనరమ్మకీ ఆ కుర్రాళ్లకీ గొడవ రెండు లైన్లలో వదిలేశావు, అది పెంచు. ఆమె హిందీ ఎలా మాట్లాడుతుందో వినిపించాలి. పై పోర్షన్ అమ్మాయి అద్దె ఎంత, రేకుల రూములో తలకి ఎంత, ఇవి అంకెలతో సహా రాయి, సిగ్గుపడకు. రాశాక మళ్లీ పంపు, ఈసారి వర్డ్ ఫైల్ పంపు, వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా చదవలేకపోతున్నా.

మీ అన్న