పాఠకుల ప్రశ్నలు: పోస్ట్‌గ్రెస్ వాల్ ఫైళ్లను విప్పి చదవడం

ప్రశ్న: మేము పోస్ట్‌గ్రెస్ 16 డేటాబేసు వాడుతున్నాము. మా ప్రధాన టేబుల్‌లో 3 కోట్ల వరుసలున్నాయి. రోజుకు మరో 3 లక్షలు చేరుతున్నాయి. ఒక్కో వరుస 200 బైట్లకు మించదు. ఆ లెక్కన రోజుకు 60 మెగాబైట్లు రాయవలసిన చోట, 3 గిగాబైట్లకు పైగా వాల్ (మార్పులను ముందుగా రాసుకునే లాగ్) తయారవుతోంది. పీజీ_వాల్ డైరెక్టరీలోని ఫైళ్లను ఎడిటర్‌లో తెరిస్తే ఏమీ అర్థం కావడం లేదు. వాటిలో ఏముందో చూడగలమా? ప్రైమరీ కీ, మరో ఇండెక్సు రెండూ యాదృచ్ఛిక యూయూఐడీల (16 బైట్ల గుర్తింపు సంఖ్యల) మీదే ఉన్నాయి.

జవాబు: చూడవచ్చు. అందుకోసం పీజీ_వాల్‌డంప్ అనే కమాండు పోస్ట్‌గ్రెస్‌తోపాటే వస్తుంది. లెక్కలు రాసేవారు ముందు చిట్టాలో రాసి, ఆ తరవాత ఆవర్జాకు ఎక్కించినట్టే, పోస్ట్‌గ్రెస్ కూడా ఏ మార్పునైనా ముందు రైట్-అహెడ్ లాగ్‌లో, అంటే వాల్‌లో, భద్రంగా రాసిన తరవాతే డేటా ఫైళ్లకు చేరుస్తుంది. ఆ చిట్టా 16 మెగాబైట్ల ముక్కలుగా ఉంటుంది. ఒక్కో ముక్క పేరులో 24 పదహారాంశ అంకెలుంటాయి. ఉదాహరణకు 12/45000028 అనే వాల్ స్థానం 000000010000001200000045 అనే ఫైలులో ఉంటుంది: మొదటి ఎనిమిది అంకెలు టైమ్‌లైన్‌ను, తరవాతి ఎనిమిది స్థానంలోని ఎడమ భాగాన్ని, చివరి ఎనిమిది ముక్క సంఖ్యను చెబుతాయి. మిగిలిన 28 అనేది పదహారాంశ సంఖ్య, మన లెక్కలో 40. ఫైలు మొదట్లో ఉండే 40 బైట్ల శీర్షిక దాటగానే వచ్చే చోటు అది.

చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే, కమాండు నడిపి, తెరమీద పరుగెత్తే లక్షల పంక్తులను చూసి బెదిరి ఆపేయడం. మొదట పంక్తులు చదవవద్దు, మొత్తాలు చదవండి. పని ఎక్కువగా ఉండే వేళలో నిండిన నాలుగైదు ఫైళ్లను ఎంచుకొని, మొదటి, చివరి ఫైళ్ల పేర్లిచ్చి, స్టాట్స్ ఆప్షన్‌కు రికార్డ్ అనే విలువ జతచేసి నడిపితే, ఏ రకం రికార్డులు ఎన్ని, వాటి సొంత పరిమాణం ఎంత, వాటితో వచ్చిన పూర్తి పేజీ ప్రతుల (పేజీ అంటే డేటా ఫైలులోని 8 కిలోబైట్ల భాగం) పరిమాణం ఎంత అన్నది ఒక పట్టికగా వస్తుంది. మీ పట్టికలో బీట్రీ ఇన్సర్ట్_లీఫ్ (ఇండెక్సులో కీని చేర్చే రికార్డు) అన్న వరుసలో పేజీ ప్రతుల అంకె మిగతా అన్నిటినీ మింగేసి ఉంటుందని నా అంచనా. అలా ఉంటే, ఇప్పుడు పంక్తుల్లోకి దిగవచ్చు. మైనస్ ఆర్ ఆప్షన్‌తో బీట్రీని మాత్రమే అడిగి, మైనస్ ఎన్‌తో ఇరవై రికార్డులకు పరిమితం చేయండి.

పొడవు దగ్గర రెండు అంకెలు కనిపిస్తాయి. ఒక పంక్తిలో 53/5693 అని, పంక్తి చివర ఎఫ్‌పీడబ్ల్యూ (పూర్తి పేజీ రాత) అని ఉందనుకోండి. మరో పంక్తిలో 72/72 అని మాత్రమే ఉందనుకోండి. రెండూ చేసిన పని ఒక్కటే, ఇండెక్సులో ఒక యూయూఐడీని చేర్చడం. రెండోది ఆ పనిని 72 బైట్లలో చెప్పింది. మొదటిది మాత్రం 53 బైట్ల రికార్డుకు 5,640 బైట్ల పేజీ ప్రతిని తగిలించింది. ఒక చెక్‌పాయింట్ (అప్పటిదాకా మారిన పేజీలన్నిటినీ డేటా ఫైళ్లకు చేర్చే ఘట్టం) తరవాత ఏదైనా పేజీని మొదటిసారి ముట్టుకున్నప్పుడు పోస్ట్‌గ్రెస్ ఆ పేజీ మొత్తాన్ని, మధ్యలోని ఖాళీని వదిలి, వాల్‌లో రాస్తుంది. 8 కిలోబైట్ల పేజీ డిస్కుకు చేరుతుండగా విద్యుత్తు పోతే సగం కొత్తది, సగం పాతదిగా మిగిలే ప్రమాదం ఉన్నది గనుక ఈ జాగ్రత్త. దీన్ని ఆపే సెట్టింగు ఉంది. దాని జోలికి పోవద్దు.

ఇక మీ లెక్క చూద్దాం. చెక్‌పాయింట్ల మధ్య వ్యవధి డిఫాల్టుగా 5 నిమిషాలు. రోజుకు 3 లక్షలంటే, 5 నిమిషాలకు సుమారు 1,000 వరుసలు. 3 కోట్ల యూయూఐడీల ఇండెక్సులో ఆకు పేజీలు (కీలు ఉండే అట్టడుగు పేజీలు) సుమారు లక్షన్నర ఉంటాయి. యాదృచ్ఛిక కీలు కనుక ఆ వెయ్యీ దాదాపు వెయ్యి వేర్వేరు పేజీల మీద పడతాయి, అంటే ప్రతి చేర్పూ ఒక పేజీ ప్రతిని వెంట తెస్తుంది. రెండు ఇండెక్సులకు కలిపి వరుసకు 11 కిలోబైట్లు. 3 లక్షలతో గుణిస్తే మీరు చెప్పిన 3 గిగాబైట్లు తేలుతాయి.

ఇలాంటప్పుడు చెక్‌పాయింట్ వ్యవధిని పెంచమనే సలహా అందరూ ఇస్తారు. ఒకే పేజీలు మళ్లీ మళ్లీ మారే డేటాబేసుకు అది మంచి మందే. మీకు మాత్రం పెద్దగా పనిచేయదు: వ్యవధిని అరగంట చేసినా, ఆరు వేల చేర్పులు లక్షన్నర పేజీల మీద చెదురుతాయి, మళ్లీ తాకే పేజీలు బహు తక్కువ. పైగా సర్వర్ కూలితే కోలుకోవడానికి పట్టే సమయం పెరుగుతుంది. వాల్ కంప్రెషన్ పెడితే కొంత తగ్గుతుంది, కాని యాదృచ్ఛిక బైట్లు బాగా కుదించుకోవు. అసలు మందు కీని మార్చడం. కాలక్రమంలో పెరిగే ఏడో రకం యూయూఐడీ వాడితే ఆ వెయ్యి చేర్పులూ ఇండెక్సు చివరి నాలుగైదు పేజీల్లో సర్దుకుంటాయి. పోస్ట్‌గ్రెస్ 18లో దానికి ఫంక్షన్ ఉంది. మీరు 16లో ఉన్నారు గనుక అప్లికేషనులోనే తయారుచేసుకోవాలి. పాత కీలను మార్చనవసరం లేదు.

ఒక మాట. వాల్ ఎక్కువ తయారవడం వేరు, తయారైనది తొలగకపోవడం వేరు. డైరెక్టరీ పెరుగుతూనే పోతుంటే పీజీ_వాల్‌డంప్ ఏమీ చెప్పదు. ఎవరూ చదవని రెప్లికేషన్ స్లాట్ (కాపీ సర్వర్ చదివేదాకా వాల్‌ను తొలగకుండా ఆపి ఉంచేది) ఉందా, ఆర్కైవ్ కమాండు విఫలమవుతోందా అన్నది పీజీ_రెప్లికేషన్_స్లాట్స్, పీజీ_స్టాట్_ఆర్కైవర్ వ్యూలలో చూడండి. ఫైళ్లను చేత్తో తుడిచేయడం మాత్రం ఎన్నడూ వద్దు. ఈ డైరెక్టరీ పేరు 2017లో పదో వెర్షన్ వచ్చేవరకూ పీజీ_ఎక్స్‌లాగ్‌గా ఉండేది. లాగ్ అన్న మాట చూసి పనికిరాని లాగులే కదా అని తుడిచేసినవారి పుణ్యమే ఆ పేరు మార్పు.

ప్రశ్న: మా టేబుల్ నుంచి ఎవరో కొన్ని వరుసలు డిలీట్ చేశారు. ఎవరు, ఎప్పుడు, ఏ వరుసలు అన్నది వాల్‌లో తెలుస్తుందా? వాటిని వెనక్కి తెచ్చుకోగలమా?

జవాబు: ఎప్పుడు అన్నది తెలుస్తుంది. ఎవరు అన్నది తెలియదు. వాల్‌లో యూజర్ పేరూ ఉండదు, ఎస్‌క్యూఎల్ వాక్యమూ ఉండదు. డిలీట్ రికార్డులో, సాధారణ సెట్టింగులతో, పాత విలువలు కూడా ఉండవు. ఫలానా బ్లాకులో ఫలానా స్థానంలోని వరుస పోయిందని మాత్రమే ఉంటుంది.

పంక్తిలో రెల్ అన్న మాట పక్కన 1663/16384/16412 లాంటి మూడు అంకెలుంటాయి: టేబుల్‌స్పేస్, డేటాబేసు, ఫైల్‌నోడ్ (టేబుల్ డేటా ఫైలు సంఖ్య). మీ టేబుల్ ఫైల్‌నోడ్‌ను పీజీ_రిలేషన్_ఫైల్‌నోడ్ ఫంక్షన్‌తో కనుక్కోండి. వ్యాక్యూమ్ ఫుల్, ట్రంకేట్ లాంటివి ఆ అంకెను మార్చేస్తాయి, కనుక ఆ తరవాత అవి జరగలేదని నిర్ధారించుకోవాలి. పదిహేనో వెర్షన్ నుంచి ఆ మూడంకెలనూ పెద్ద ఆర్ ఆప్షన్‌కు ఇస్తే ఆ టేబుల్ రికార్డులే వస్తాయి. డిలీట్ పంక్తిలోని ట్రాన్సాక్షన్ సంఖ్యను మైనస్ ఎక్స్‌తో ఇచ్చి మళ్లీ నడిపితే, దాని కమిట్ రికార్డులో తేదీ, సమయం దొరుకుతాయి.

వెనక్కి తేవాలంటే అంతకు ముందటి బేస్ బ్యాకప్పు, అప్పటినుంచి ఆర్కైవ్ చేసిన వాల్ ఉండాలి. వేరే సర్వర్‌లో రికవరీ_టార్గెట్_ఎక్స్‌ఐడీకి ఆ సంఖ్యను ఇచ్చి, రికవరీ_టార్గెట్_ఇన్‌క్లూజివ్‌ను ఆఫ్ చేస్తే, ఆ కమిట్‌కు సరిగ్గా ముందు ఆగుతుంది. వెతకడం మొదలుపెట్టే ముందే ఆ టేబుల్‌కు ఆటోవ్యాక్యూమ్ (తుడిచిన వరుసల చోటును దానంతటదే ఖాళీచేసే పని) ఆపండి. తుడిచిన వరుసలు వ్యాక్యూమ్ వచ్చేదాకా చాలావరకు పేజీలోనే ఉంటాయి గనుక, బ్యాకప్పు లేకపోయినా నిపుణులెవరైనా ప్రయత్నించడానికి చోటుంటుంది.

ప్రశ్న: పీజీ_వాల్‌డంప్ ఎప్పుడు నడిపినా చివర రికార్డు పొడవు చెల్లదని, కనీసం 24 ఉండాలి, 0 వచ్చిందని ఎర్రర్ చూపుతోంది. ఫైలు చెడిందా?

జవాబు: లేదు. రికార్డు శీర్షిక 24 బైట్లు. అక్కడ సున్నాలు కనబడ్డాయంటే, సర్వర్ ఇప్పటిదాకా రాసింది అంతవరకే. సర్వర్ నడుస్తుండగా తాజా ఫైలును చదివితే ఇది మామూలే. అదే ఎర్రర్ ఆర్కైవ్‌లోని పాత ఫైలు మధ్యలో వస్తే మాత్రం ఆ ప్రతిని అనుమానించండి. డైరెక్టరీలో అన్నిటికన్నా పెద్ద సంఖ్య ఉన్న ఫైలు తాజాది అనుకోవద్దు. సర్వర్ పాత ఫైళ్లకే రాబోయే పేర్లు పెట్టి సిద్ధంగా ఉంచుతుంది. ప్రస్తుతం రాస్తున్న ఫైలు పేరు కావాలంటే పీజీ_కరెంట్_వాల్_ఎల్‌ఎస్‌ఎన్ ఇచ్చే విలువను పీజీ_వాల్‌ఫైల్_నేమ్‌కు అందించండి.