బోటు వైరింగ్ కోసం అప్పు చేయాలా?

ప్రశ్న: ఇంటి దగ్గరే సొంతంగా మోటారు బోటు కడుతున్నాను. హల్ (బోటు అసలు ఒళ్లు) పని పూర్తయింది, వెనుక బయట బిగించే ఔట్‌బోర్డ్ ఇంజను కొన్నాను. ఇక మిగిలింది కన్సోల్ (స్టీరింగ్, స్విచ్‌లు, తెర బిగించే దిమ్మ), వైరింగ్. పెట్రోలు ట్యాంకు ఆ కన్సోల్ కిందే ఉంది. వాటికయ్యే మొత్తం ఖర్చు 100 అనుకుంటే నా చేతిలో 60 ఉంది. మిగతా 40కి మూడేళ్ల వ్యక్తిగత రుణం తీసుకోవాలా? ఆరు నెలల ఇంటి ఖర్చులకు దాచిన నిధిలో నుంచి తీయాలా? లేక వైర్ల దగ్గర కొంత తగ్గించుకుని సర్దుకోవాలా? ఖర్చుల పట్టిక, వేయాలనుకున్న తీగల కొలతలు జత చేశాను. బోటును తర్వాత అమ్ముకుంటే పెట్టింది తిరిగి వస్తుందా?

జవాబు: మీరు చెప్పిన మూడు దారుల్లో నాకు నచ్చింది ఒక్కటీ లేదు. అన్నిటికంటే ప్రమాదకరమైనది మూడోది. మీరేమో దాన్ని చివర్లో చిన్న విషయంలా రాశారు.

ముందుగా మీ పట్టిక చూద్దాం. 100లో పెద్ద తెర ఉన్న చార్ట్‌ప్లాటర్‌కు (నీటి పటం మీద బోటు ఎక్కడుందో చూపే పరికరం) 38, లిథియం బ్యాటరీకి 22, స్టీరింగ్, థ్రాటిల్‌కు (ఇంజను వేగాన్ని పెంచి తగ్గించే మీట) 16, పాటల సిస్టమ్‌కు 9, నావిగేషన్ లైట్లు (చీకట్లో ఇతర బోట్లకు కనిపించేందుకు పెట్టేవి), బిల్జ్ పంపుకు (బోటు అడుగున చేరిన నీటిని తోడేది) 6, వైర్లకు 5, ఫ్యూజులు, స్విచ్‌లు, కనెక్టర్లకు 4. అంటే కంటికి కనిపించే తెరకు, చెవికి వినిపించే స్పీకర్లకు కలిపి 47 పెట్టి, బోటు మునగకుండా, కాలకుండా కాపాడే తీగలకు, ఫ్యూజులకు 9 మిగిల్చారు. మీకు డబ్బు చాలకపోవడానికి అసలు కారణం ఈ వరుసే.

కన్సోల్ విషయంలో నేను పాటించే లెక్క ఒకటుంది. తర్వాత మార్చాలంటే దేనికి ఎక్కువ విప్పాల్సి వస్తుందో దానికి ఇప్పుడే మంచి సరుకు కొనాలి. నాలుగు స్క్రూలు తీస్తే మారిపోయేది ఎంత ఖరీదైనదైనా ఆగవచ్చు. డెక్ కింద గొట్టాల్లో నుంచి వెళ్లే తీగ మొదటి రకానిది. తెర రెండో రకానిది. పైగా ఎలక్ట్రానిక్ వస్తువులు పెట్టెలో నుంచి తీసిన రోజు నుంచే పాతబడతాయి.

వైర్ల దగ్గర తగ్గించుకుంటే ఏమవుతుందో అంకెల్లో చూపిస్తాను. బిల్జ్ పంపు 5 ఆంపియర్లు తీసుకుంటుందనీ, బ్యాటరీకి 5 మీటర్ల దూరంలో ఉందనీ అనుకుందాం. కరెంటు వెళ్లాలి, తిరిగి రావాలి కాబట్టి తీగ పొడవు 10 మీటర్లు. 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే దారిలోనే దాదాపు 0.6 వోల్టు పోతుంది. 12 వోల్టుల్లో అది 5 శాతం. 2.5 వేస్తే నష్టం సుమారు 3 శాతం, 4 వేస్తే 2 శాతం లోపు. పంపులు, నావిగేషన్ లైట్ల వంటి ముఖ్యమైన సర్క్యూట్లకు 3 శాతం దాటకూడదన్నది బోటు వైరింగ్‌లో అందరూ పాటించే కొలత. మీరు రాసుకున్న 1.5 ఆ కొలతకు ఆగదు. 2.5 అంచు మీద ఉంటుంది. నేనైతే 4 వేయమంటాను. తీగ లావు పెరిగితే ధర పెరుగుతుంది గానీ దాన్ని లాగడానికి పట్టే శ్రమ మారదు. రెండేళ్ల తర్వాత మళ్లీ లాగాలంటే మాత్రం శ్రమ రెండింతలు.

ఇళ్లలో వాడే మామూలు రాగి తీగ వద్దు. తేమ, ఉప్పుగాలి తగిలితే రాగి లోపలి నుంచే నల్లబడుతుంది, పైన ప్లాస్టిక్ మాత్రం కొత్తగానే కనిపిస్తుంది. సన్నని పోగులతో అల్లి, కళాయి పూసిన రాగి తీగలే కొనండి. అందుకే వైర్లకు 5 బదులు 10 కేటాయిస్తున్నాను. ఫ్యూజులు, కనెక్టర్లకు 4 బదులు 8. అందులో తీగ చివర కనెక్టర్‌ను నొక్కి బిగించే మంచి క్రింపింగ్ సాధనం కూడా వస్తుంది. స్టార్టర్ కేబుల్ తప్ప, బ్యాటరీ నుంచి బయలుదేరే ప్రతి పాజిటివ్ తీగకూ బ్యాటరీ పక్కనే ఫ్యూజు ఉండాలి. అమెరికా బోటు ప్రమాణాల్లో మామూలుగా చెప్పే దూరం 7 అంగుళాలు, అంటే సుమారు 18 సెంటీమీటర్లు. ఆటోమేటిక్ బిల్జ్ పంపును మెయిన్ స్విచ్‌తో సంబంధం లేకుండా, తన సొంత ఫ్యూజుతో నేరుగా బ్యాటరీకి కలపండి. మీరు స్విచ్ ఆపి ఇంటికి వెళ్లాక కూడా అది పనిచేయాలి కదా.

పెట్రోలు ట్యాంకు కన్సోల్ కిందే ఉందని రాశారు. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైనది, అడుగున చేరి ఉండిపోతుంది. అక్కడ కారు స్విచ్‌లు, కారు రిలేలు పెట్టి మిగిల్చే డబ్బును నేను పొదుపు అనను. ఆవిరికి నిప్పు అంటించకుండా తయారుచేసిన, బోట్లకు ఉద్దేశించిన పరికరాలే తీసుకోండి.

లిథియం బ్యాటరీ మీద మోజు నాకు అర్థమవుతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఎక్కువ కాలం మన్నాలంటే దాని సామర్థ్యంలో సగమే వాడుకోవాలి. లిథియంలో 80 శాతం దాకా వాడవచ్చు, బరువూ తక్కువ. కానీ దాని ఖర్చు బ్యాటరీతో ఆగదు. తగిన చార్జర్ కావాలి, ఇంజను నుంచి చార్జ్ చేయాలంటే మధ్యలో మరో పరికరం కావాలి. అవేవీ మీ 22లో లేవు. పగటిపూట కొన్ని గంటలు తిరిగే బోటుకు, ఎల్‌ఈడీ లైట్లకు, ఒక పంపుకు 8కి వచ్చే లెడ్ యాసిడ్ చాలు.

ఇప్పుడు కూడిక: స్టీరింగ్, థ్రాటిల్ 16 (ఇందులో ఒక్క పైసా తగ్గించకండి), లైట్లు, పంపు 6, వైర్లు 10, ఫ్యూజులు వగైరా 8, బ్యాటరీ 8, కరెంటు ఇచ్చే ముందు అనుభవమున్న మెరైన్ ఎలక్ట్రీషియన్ చేత ఒకసారి తనిఖీకి 2. మొత్తం 50. మీ 60లో ఇంకా 10 మిగిలింది. అది స్పీకర్లకు కాదు. సొంతంగా కట్టే బోటులో పట్టికకు ఎక్కని ఖర్చు తప్పకుండా వస్తుంది.

తెర కోసం అప్పు ఎందుకు వద్దంటానంటే, ఏడాదికి 14 శాతం వడ్డీతో మూడేళ్లకు తీసుకునే ప్రతి 100 అప్పుకూ నెల వాయిదా సుమారు 3.42. మొత్తం కట్టేది 123. అదే 3.42ను నెలనెలా పక్కన పెడితే, వడ్డీ ఏమీ రాకపోయినా 30వ నెలకే 100 దాటుతుంది. క్రెడిట్ కార్డు మాట తలపెట్టకండి. నెలకు 3 శాతం అంటే చక్రవడ్డీతో ఏడాదికి 42 శాతం పైమాటే. అత్యవసర నిధి సంగతికొస్తే, అది మీ కుటుంబానిది. ఉద్యోగం పోయిన నెలలో చార్ట్‌ప్లాటర్‌ను అమ్మి ఇంటి అద్దె కట్టలేరు.

తెర లేకుండా కన్సోల్ బోసిగా ఉంటుందన్న బెంగ వద్దు. ఫైబర్‌గ్లాస్‌ను ఇప్పుడే కోయకండి. పరికరాలు బిగించే ముఖభాగాన్ని విడిగా, స్క్రూలతో ఊడదీయగలిగే పలకగా చేయండి. తర్వాత ఏ సైజు తెర కొన్నా పలక ఒక్కటే మారుతుంది. దాని కోసం ఖాళీ గొట్టం ఒకటి, అందులో తర్వాత తీగను కట్టి లాగడానికి ఒక తాడు, ఫ్యూజ్ బ్లాక్‌లో రెండు ఖాళీ స్థానాలు ఇప్పుడే వదలండి. ఈలోగా చేతిలో పట్టుకునే జీపీఎస్, దిక్సూచి సరిపోతాయి.

ఇక అమ్మకం ధర. సొంతంగా కట్టిన బోటుకు కొనేవాడు మీ శ్రమకు వెల కట్టడు, సామాను ధర కూడా పూర్తిగా ఇవ్వడు. మీ ఆస్తుల లెక్కలో దీన్ని సున్నాగానే రాసుకోండి. అయినా బిల్లులు, వైరింగ్ పటం, మూత వేయకముందు తీసిన ఫొటోలు, ప్రతి తీగకూ రెండు చివర్లా అంటించిన నంబర్ల జాబితా ఒక ఫైలులో ఉంచండి. బీమా సంస్థ పంపే సర్వేయర్ మొదట అడిగేవి అవే. ఆ బీమా ప్రీమియం మీ పట్టికలో ఎక్కడా లేదు. మిగిలిన 10లో నుంచి ముందు దాన్ని తీసి పక్కన పెట్టండి.