పేరును మోసేవాళ్లు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే సంగతి చుట్టూ తిరిగాయి. కొందరు మనుషులకు, కొన్ని నగరాలకు, కొన్ని ఆలోచనలకు అంత పేరు, అంత పలుకుబడి ఎలా వస్తాయి? లైబ్రేరియన్‌గా పనిచేసినన్నాళ్లూ నన్ను వెంటాడిన ప్రశ్న ఇది. అందుకే మిగతా ఉత్తరాలను పక్కన ఉంచి, ఈసారి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: నిజమైన ప్రతిభ ఉంటే ఆలస్యంగానైనా గుర్తింపు వచ్చి తీరుతుందని మా సార్ అంటారు. ఎప్పుడూ వాన్‌గో పేరే చెబుతారు. మీరేమంటారు మేడమ్? – చిత్రకళ విద్యార్థిని

జవాబు: మీ సార్ చెప్పిన ఉదాహరణనే కాస్త దగ్గర నుంచి చూద్దామమ్మా. డచ్ చిత్రకారుడు వాన్‌గో 1890 జూలైలో చనిపోయాడు. బతికుండగా అమ్ముడుపోయిన బొమ్మలు చాలా కొద్ది. ఆయన్ను పోషిస్తూ వచ్చిన తమ్ముడు తియో ఆరు నెలలకే, 1891 జనవరిలో పోయాడు. తియో భార్య యోహన్నాకు అప్పటికి 28 ఏళ్లు. చంకలో ఇంకా ఏడాది నిండని బిడ్డ. ఆమెకు మిగిలింది కొనేవాళ్లు లేని వందల బొమ్మలు, కట్టల కొద్దీ ఉత్తరాలు.

ఆమె ప్యారిస్ వదిలి నెదర్లాండ్స్‌లోని బుస్సుమ్ అనే ఊరికి వెళ్లి, ఇంట్లో గదులు అద్దెకిస్తూ బిడ్డను పెంచింది. ఆ బొమ్మల్ని అదే ఇంటి గోడలకు తగిలించింది. విమర్శకులకు ఉత్తరాలు రాసింది. పెదవి విరిచినవాళ్లకు మళ్లీ రాసింది. బొమ్మ నచ్చని వాళ్లకైనా మనిషి అర్థం కావాలని వాన్‌గో ఉత్తరాలు చదవమని ఇచ్చింది. ఎగ్జిబిషన్లకు బొమ్మలు పంపింది. డబ్బు అవసరమే అయినా అన్నీ ఒక్కసారిగా అమ్మేయలేదు. కొన్ని అమ్మకానికి పెట్టి, మరికొన్ని జనం చూడటానికి మాత్రమే పంపేది. 1905లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని స్టెడెలిక్ మ్యూజియంలో గదులు తానే అద్దెకు తీసుకుని 470కి పైగా చిత్రాలు, రేఖాచిత్రాలు ప్రదర్శించింది. వాన్‌గో ఉత్తరాల్లో చాలావాటికి తేదీలు లేవు. వాటిని వరస పెట్టడానికే ఏళ్లు పట్టింది. 1914లో మూడు సంపుటాలుగా అచ్చయ్యాయి. 1924లో, తాను పోయే ముందు సంవత్సరం, ఎంతో ఇష్టంగా ఉంచుకున్న పొద్దుతిరుగుడు పూల బొమ్మను లండన్ నేషనల్ గ్యాలరీకి అమ్మడానికి ఒప్పుకుంది. మొదట కుదరదనే చెప్పింది. ఆయన పేరుకు మంచిదని మనసు మార్చుకుంది.

ముప్పై ఏళ్లకు పైగా చేసిన చాకిరీ ఇది. ప్రతిభ వాన్‌గోదే, అందులో సందేహం లేదు. కానీ "వచ్చి తీరుతుంది" అన్న మాట దగ్గర నాకు బాధ కలుగుతుంది. గుర్తింపు వచ్చినవాళ్ల పేర్లే మన దాకా వస్తాయి. రానివాళ్లు ఎంతమందో లెక్క కట్టే దారే లేదు. కాబట్టి మీ సార్ మాటకు రుజువు ఎప్పటికీ దొరకదు. వాన్‌గో గురించి మాట్లాడేటప్పుడు యోహన్నా పేరు కూడా చెప్పమని మీ సార్‌ని నా తరఫున అడగండి.

ప్రశ్న: అయితే అంతా అదృష్టమేనా? హిట్ అయ్యేది ఎందుకు హిట్ అవుతుందో ముందే ఎవరూ చెప్పలేరా? – ఒక యువ గాయకుడు

జవాబు: దీని మీద నాకు బాగా ఇష్టమైన ప్రయోగం ఒకటి ఉంది. 2006లో సాల్గానిక్, డాడ్స్, వాట్స్ అనే ముగ్గురు పరిశోధకులు దాన్ని ప్రచురించారు. పేరు తెలియని బ్యాండ్ల పాటలు 48 తీసుకుని ఇంటర్నెట్‌లో పెట్టారు. 14,000 మందికి పైగా విన్నారు. కొందరికి పాటల పేర్లు మాత్రమే కనిపిస్తాయి. మిగతావాళ్లను ఎనిమిది గుంపులు చేసి, తమ గుంపులో ఏ పాటను ఎంతమంది డౌన్‌లోడ్ చేసుకున్నారో కనిపించేలా చేశారు. ఒక గుంపు సంగతి మరో గుంపుకు తెలియదు.

అంకెలు కనిపించిన గుంపుల్లో ముందున్న పాటలు ఇంకా ముందుకు, వెనకబడ్డవి ఇంకా వెనక్కి పోయాయి. అంతకన్నా ముఖ్యమైనది, ఏ పాట ముందుకు పోతుందనేది గుంపు గుంపుకూ మారిపోయింది. పాటలు అవే, వినేవాళ్లూ అలాంటివాళ్లే. మొదట్లో ఎవరో కొద్దిమంది ఏది ఎంచుకున్నారన్న దాన్ని బట్టి తర్వాత వచ్చినవాళ్ల దారి మారింది. అయినా అంకెలు చూడనివాళ్లు బాగా మెచ్చిన పాటలు ఎక్కడా పూర్తిగా మునిగిపోవడం అరుదు. వాళ్లకు నచ్చని పాటలు పైకి రావడమూ అరుదే. ఈ రెండింటి నడుమ ఉన్న పాటలకు మాత్రం ఏదైనా జరగొచ్చు.

ఇదే సంగతి నేను లైబ్రరీలో కళ్లారా చూశాను. పుస్తకం తీసుకునేవాళ్లు చాలామంది ముందు పేజీ కన్నా ముందు, లోపల అంటించిన డ్యూ డేట్ స్లిప్ చూస్తారు. స్లిప్ నిండా తేదీల ముద్రలుంటే ఇంటికి తీసుకెళ్తారు. ఖాళీగా ఉంటే తిరిగి అరలో పెట్టేస్తారు. అలా ఖాళీ స్లిప్‌తోనే ముసలివైపోయిన మంచి పుస్తకాలు ఉన్నాయి. నేను ఏదో ఒకటి తీసి, దాని గురించి నాలుగు మాటలు చెప్పి చేతికిస్తే, అక్కడి నుంచి దానికి నడక వచ్చేది. అందుకే నాయనా, అంతా అదృష్టమని అనను. అదృష్టం పని చేసే చోటు మొదటి కొద్దిమంది దగ్గర ఉంటుంది. మీ పాట నచ్చిన ఆ కొద్దిమందితో మాట్లాడండి, వాళ్లు ఇంకొకరికి వినిపించేలా చూడండి. లక్షలమంది గురించి ఇప్పుడే టెన్షన్ పడొద్దు.

ప్రశ్న: మోనాలిసా నిజంగా అంత గొప్ప బొమ్మా?

జవాబు: గొప్ప బొమ్మే. కళ తెలిసినవాళ్లు అంతకుముందు నుంచీ ఆ మాట అంటున్నారు. ఊరూవాడా ఆ ముఖాన్ని గుర్తుపట్టడం మొదలైంది మాత్రం దొంగతనం తర్వాత. 1911 ఆగస్టు 21న విన్సెంజో పెరూజా అనే మనిషి దాన్ని ప్యారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం నుంచి ఎత్తుకుపోయాడు. పోయిందని గమనించింది మర్నాడు. దేశదేశాల పత్రికలు మొదటి పేజీల్లో ఆ బొమ్మ వేశాయి. బొమ్మ లేని ఖాళీ గోడను చూడటానికి జనం వచ్చారు! 1913 డిసెంబరులో ఫ్లోరెన్స్‌లో దొరికే నాటికి, మ్యూజియం గడప తొక్కని వాళ్లకు కూడా అది తెలిసిన ముఖమైపోయింది.

ప్రశ్న: ప్రాణాలు కాపాడే నిజాన్ని కూడా జనం ఎందుకు ఒప్పుకోరు? సెమ్మెల్‌వైస్ కథ చదివి ఏడ్చాను. – ఒక నర్సు

జవాబు: నాకూ అది మామూలుగా చదవగలిగే కథ కాదమ్మా. తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. వియన్నా జనరల్ హాస్పిటల్‌లో రెండు ప్రసూతి విభాగాలు ఉండేవి. ఒకదాంట్లో వైద్య విద్యార్థులు, రెండోదాంట్లో మంత్రసానులు పురుడు పోసేవారు. విద్యార్థులున్న విభాగంలో బాలింత జ్వరంతో నూటికి పదిమంది దాకా తల్లులు చనిపోయేవారు. రెండోదాంట్లో అంతకన్నా చాలా తక్కువ. శవాలను కోసిన చేతులతోనే విద్యార్థులు పురుడు పోస్తున్నారని అక్కడి డాక్టరు సెమ్మెల్‌వైస్ పట్టుకున్నాడు. 1847లో క్లోరిన్ కలిసిన సున్నపు నీళ్లతో చేతులు కడుక్కోవాలని నియమం పెట్టాడు. మరుసటి ఏడాదికల్లా చావులు నూటికి ఒకటి రెండుకు పడిపోయాయి.

అయినా పెద్దలు ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే, ఇన్నేళ్లూ తల్లుల్ని చంపింది మా చేతులే అని ఒప్పుకున్నట్టు. అది ఏ మనిషికైనా మోయలేని బరువు. పైగా ఎందుకు పని చేస్తోందో ఆయన వివరించలేకపోయాడు. సూక్ష్మజీవుల సంగతి అప్పటికి తేలలేదు. పుస్తకం వేయడానికి 1861 దాకా ఆగాడు. ఆ తర్వాత రాసిన బహిరంగ లేఖల్లో ఎదుటి డాక్టర్లను హంతకులన్నాడు. 1865లో పిచ్చాసుపత్రిలో కన్నుమూశాడు.

రెండేళ్లు తిరగకుండానే, 1867లో బ్రిటన్ సర్జన్ జోసెఫ్ లిస్టర్ కార్బాలిక్ యాసిడ్‌తో గాయాలు శుభ్రం చేసే పద్ధతిని ప్రచురించాడు. ఆయనకూ వ్యతిరేకత ఎదురైంది. కానీ ఆయన వెనక శాస్త్రవేత్త పాశ్చర్ చూపించిన కారణం, అంటే సూక్ష్మజీవుల సంగతి, ఉంది. చేసి చూపిస్తే నేర్చుకుని వెళ్లే శిష్యులు ఉన్నారు. నిజం గెలవడానికి ఆధారం ఒక్కటే చాలదు. దాన్ని నమ్మినవాడికి పరువు పోకుండా నమ్మే వీలు కూడా ఉండాలి. అమెరికాలోని అయోవా రైతుల మీద 1943లో వచ్చిన ఒక అధ్యయనం ఉంది. హైబ్రిడ్ మొక్కజొన్న సంగతి రైతులు ముందుగా సేల్స్‌మన్ నోట విన్నారు, కానీ పొరుగు రైతు మాట మీద వేశారు. మీ వార్డులో ఏదైనా కొత్త పద్ధతి తేవాలనుకుంటే పోస్టర్ కన్నా ముందు, తోటి నర్సులు గౌరవించే ఒక సీనియర్‌ని ఒప్పించండి.

ప్రశ్న: కొన్ని నగరాలే ఎందుకు పెరుగుతాయి? అంతా భౌగోళికమేనా?

జవాబు: సగం అంతే. షికాగో 1833లో కొన్ని వందల మంది ఉన్న చిన్న ఊరు. 1890 నాటికి పది లక్షలు దాటింది. పెద్ద సరస్సులకూ మిసిసిపీ నది నీళ్లకూ మధ్య ఎత్తు తక్కువగా ఉన్న చోట అది ఉంది. 1848లో ఆ రెంటినీ కలిపే కాలువ తెరిచారు. అయితే అదే సంవత్సరం మొదటి రైలు కూడా కదిలింది. దాని వెనక ఉన్న మనిషి ఆ నగర తొలి మేయర్ విలియం ఆగ్డెన్. పెద్ద పెట్టుబడిదారులు ముందుకు రాకపోతే, రైలు వెళ్లే దారి పొడవునా రైతుల దగ్గరికి తిరిగి చిన్న చిన్న వాటాలు అమ్మాడు. దానికి పోటీ నగరమైన సెయింట్ లూయిస్‌కు అంతకన్నా మంచి నది ఉంది. ఆ నదినీ స్టీమర్లనూ నమ్ముకుని రైలు విషయంలో వెనకబడింది.

భౌగోళికం ఇచ్చినదాన్ని తిరిగి తీసుకుంటుంది కూడా. ఇప్పటి బెల్జియంలోని బ్రూజ్ ఒకప్పుడు ఉత్తర యూరప్‌లో పెద్ద వ్యాపార కేంద్రం. సముద్రంతో కలిపే పాయ ఒండ్రుతో పూడుకుపోయింది, వ్యాపారం ఆంట్‌వెర్ప్‌కు మారింది. 1585లో ఆంట్‌వెర్ప్ స్పెయిన్ సేనల చేతికి చిక్కాక వర్తకులూ పనివాళ్లూ ఆమ్‌స్టర్‌డామ్ దారి పట్టారు.

ప్రశ్న: అన్నీ విదేశీ కథలే చెబుతారు. వేమనను ఎవరు మోశారు?

జవాబు: జనమే మోశారు. ఆటవెలది చిన్నది, చివరి పాదం అందరికీ ముందే తెలుసు, అందుకని నోట్లో నిలిచింది. పండితులు పట్టించుకోని రోజుల్లో సి.పి. బ్రౌన్ రాతప్రతులు సేకరించి, పోల్చి చూసి, ఇంగ్లిష్ అనువాదంతో 1829లో అచ్చు వేయించాడు. నోటికీ అచ్చుకీ చెరో వాటా ఉంది. ఒకదానికే మొత్తం కట్టబెట్టడం నాకు న్యాయంగా తోచదు.

ప్రశ్న: అబద్ధాలకు ఇంత వేగం ఎక్కడిది?

జవాబు: 2006 నుంచి 2017 దాకా ట్విట్టర్‌లో తిరిగిన దాదాపు 1,26,000 వార్తలను ఎంఐటీ పరిశోధకులు పరిశీలించారు. ఫలితాలు 2018లో వచ్చాయి. నిజంకన్నా అబద్ధాన్ని ఇతరులకు పంపే అవకాశం 70 శాతం ఎక్కువ. ఆ తేడాకు కారణం యంత్రాలు కావు, మనుషులే. అబద్ధం కొత్తగా ఉంటుంది, ఆశ్చర్యం కలిగిస్తుంది. మోసే చేతులు మనవేనని గుర్తుంచుకుంటే, పంపే ముందు ఒక్క నిమిషం ఆగడం కష్టం కాదు.

ప్రశ్న: మా నాన్నగారు జీవితాంతం పాటలు రాశారు. ఒక్కటీ అచ్చు కాలేదు. ఆయన పోయాక నోట్‌బుక్కులు నా దగ్గరికి వచ్చాయి. కొన్ని చోట్ల భాష పాతగా ఉంది, సరిచేసి పుస్తకం వేద్దామనుకుంటున్నాను. ఎవరైనా చదువుతారా? – ఒక కొడుకు

జవాబు: చదువుతారో లేదో నేను మాట ఇవ్వలేను బాబూ. సరిచేయడం మాత్రం దయచేసి ఆపండి. అమెరికన్ కవయిత్రి ఎమిలీ డికిన్సన్ 1886లో పోయాక చెల్లెలు లావీనియాకు ఆమె గదిలో దొరికిన కవితలు వందల్లో ఉన్నాయి. మొత్తం లెక్క దాదాపు 1,800. బతికుండగా అచ్చయినవి పది పన్నెండుకు మించవు. లావీనియా పట్టుబట్టడం వల్లే 1890లో మొదటి సంపుటం వచ్చింది. కానీ సంపాదకులు విరామ చిహ్నాలు మార్చారు, ప్రాసలు సాఫీ చేశారు. ఆమె రాసింది రాసినట్టుగా అన్ని కవితలూ ఒకచోట చదవడానికి లోకం 1955 దాకా ఆగాల్సి వచ్చింది. మూలప్రతులు భద్రంగా ఉన్నాయి గనుక అదైనా కుదిరింది.

కాబట్టి నోట్‌బుక్కులకు నంబర్లు వేయండి. ఒక్క కాగితం కూడా వరస మార్చొద్దు. కొట్టివేతలతో సహా స్కాన్ చేసి, కాపీలు రెండు మూడు వేరు వేరు చోట్ల దాచండి. తర్వాత ఓ ఇరవై పాటలు ఎంచి, మీ బంధువు కాని, పాట తెలిసిన ఒకరికి ఇవ్వండి. వీటన్నిటికన్నా ముందు, నాన్నగారిని ఎరిగిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే వాళ్ల దగ్గర కూర్చోండి. ఏ పాట ఎప్పుడు, ఎవరి కోసం రాశారో, ఏ వరసలో పాడేవారో వాళ్లకు గుర్తున్నంత వరకు ఈ నెలలోనే రికార్డు చేసుకోండి. స్కానింగ్ వచ్చే నెలలో చేసుకోవచ్చు.